కారు స్టీరియోలో అమ్మమ్మ గొంతు: నా అనుభవం

నిన్న నల్లగొండ నుంచి మహబూబ్‌నగర్ దాకా మా అమ్మ కారులో నా పక్కన కూర్చుని తన తల్లి గొంతు విన్నది. ఆ మూడు గంటల ప్రయాణం కోసం నేను పదకొండు రోజులు తిప్పలు పడ్డాను. అందులో తొమ్మిది రోజులు ఒక ఈల చుట్టూనే తిరిగాను. పాత ప్లేయర్‌ను పాత కారుకు కలుపుకోవాలనుకునే వారికి పనికొస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మా అమ్మమ్మ పాడిన బతుకమ్మ పాటలను 1996లో మా మేనమామ టేప్ రికార్డర్‌లో పట్టాడు. మొత్తం మూడు క్యాసెట్లు. 2010లో మా తమ్ముడు వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, తన 160 జీబీ ఐపాడ్ క్లాసిక్‌లో వేసి అమ్మకు ఇచ్చాడు. తరువాత ఆ కంప్యూటర్ పాడైపోయింది, క్యాసెట్లకు బూజు పట్టింది. అమ్మమ్మ పాటలు మిగిలింది ఈ ఒక్క ప్లేయర్‌లోనే. దాని బ్యాటరీ ఇప్పుడు గంట కూడా నిలవదు కాబట్టి దారి పొడవునా చార్జింగ్ పెట్టే ఉంచాలి. కారులో ఉన్నదేమో సీడీ, రేడియో తప్ప ఇంకేమీ లేని స్టీరియో. బ్లూటూత్ లేదు, యూఎస్‌బీ లేదు, ముందు వైపు బయటి ప్లేయర్‌ను కలిపే ఆక్స్ సాకెట్ కూడా లేదు.

మొదట ప్లేయర్‌లోని పాటను కారు రేడియోకు పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ కొన్నాను. నల్లగొండలో బాగానే పలికింది. హైదరాబాద్ వైపు వెళ్తే 91.1, 92.7, 93.5, 98.3 అంటూ వరుసగా స్టేషన్లు మీద పడ్డాయి. ఖాళీ చోటు వెతుక్కుంటూ బండి నడపడం ప్రమాదం. దాన్ని పక్కన పెట్టేశాను.

స్టీరియో వెనుక బయటి పాటను లోపలికి తీసుకునే ఆర్‌సీఏ సాకెట్లు ఎరుపు, తెలుపు రంగుల్లో రెండు ఉంటాయని దాని పుస్తకంలో ఉంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి, ఇది మాత్రం మరవకండి. స్టీరియోకు బ్యాటరీ నుంచి వచ్చే పసుపు తీగలో, కారు తాళం తీసేసినా 12 వోల్టులు ఉంటాయి. ఆ తరువాత రెండు పక్కలా సన్నని ఇనుప పట్టీలు దూర్చి లాగితే స్టీరియో ముందుకు జారి వస్తుంది. ఐపాడ్ అడుగున ఉన్న 30 పిన్నుల కనెక్టర్ నుంచి పాటను ఒక పాయగా, చార్జింగ్‌ను ఇంకో పాయగా విడదీసే తీగ కొన్నాను. హెడ్‌ఫోన్ సాకెట్ కంటే ఇదే మేలు. వాల్యూమ్ ఎక్కడ పెట్టినా ఇక్కడి నుంచి ధ్వని ఒకే స్థాయిలో వస్తుంది. అరగంటలో పని అయిపోయింది. అమ్మమ్మ పాడింది. అమ్మ కళ్లు తుడుచుకున్నది.

అప్పుడు ఇంజిన్ వేశాను.

సన్నని ఈల మొదలైంది. యాక్సిలరేటర్ నొక్కితే కీచుమంటూ పైకి పోతుంది, వదిలితే కిందికి దిగుతుంది. అమ్మమ్మ చరణానికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకునే చోట ఈల తప్ప ఏమీ వినపడదు. అమ్మ అయిదు నిమిషాలు ఓర్చుకుని, "ఆపెయ్ బిడ్డా, ఆమె గొంతు మీద ఎవరో గీరుతున్నట్టు ఉంది" అన్నది.

మరునాడు అమ్మను వెంటబెట్టుకుని కారు అలంకరణ సామాను అమ్మే ఒక దుకాణానికి వెళ్లాను. పేరు రాయను. అక్కడి కుర్రవాడు ఐపాడ్‌ను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుని, పక్కవాడికి చూపించి నవ్వాడు. ఆ పెట్టెలో ఉన్నది ఎవరి గొంతో చెప్పాల్సిన అవసరం నాకు లేదు, కానీ అమ్మ చూస్తున్నది. యజమాని వచ్చి, ఈ స్టీరియో తీసేసి పద్నాలుగు వేలకు తెర ఉన్నది పెట్టుకోమన్నాడు. కొత్తది పెట్టినా ఐపాడ్‌కు ఇదే తీగ, ఇదే చార్జర్ కదా, అప్పుడు ఈల రాదని నమ్మకం ఏమిటని అడిగాను. ఆయన నా వైపు చూడకుండానే, "ఇవన్నీ మీకు అర్థం కావు మేడం, సార్‌ను పంపించండి, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు.

మా ఆయనకు కారు నడపడమే రాదు. ఆ కారు నాది, నా జీతంతో కొన్నది. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. పదో తరగతి పిల్లలకు విద్యుదయస్కాంతత్వం పాఠం నేను చెప్పినంత బాగా చెప్పేవాళ్లు మా మండలంలో లేరని మా పిల్లల మార్కులే చెబుతాయి. అయినా ఆ నిమిషంలో నోరు పెగల్లేదు. అమ్మ ముందు మాట పడినప్పుడు వచ్చే సిగ్గు వేరు. చివరికి ఆ యజమాని ఆరు వందలు తీసుకుని స్టీరియోకు కరెంటు వచ్చే తీగను కోసి ఏదో ఫిల్టర్ వేశాడు. ఈల ఇసుమంత కూడా తగ్గలేదు. ఇంటికి వచ్చి విప్పి చూస్తే తీగలను మెలిపెట్టి నల్ల టేపు చుట్టి వదిలేశాడు. మన నల్లగొండ ఎండకు ఆ టేపు జిగురు అప్పుడే కారి, వేలికి నల్లగా అంటుకున్నది. లోపల పసుపు తీగ రాగి పోగులు బయటికి పొడుచుకొచ్చి కనపడుతున్నాయి. కారు లోహానికి అవి తగిలి ఉంటే ఫ్యూజ్ కాలేది. డబ్బు తీసుకుని ఇలాంటి పని చేసేవాడు ఎదుటి మనిషికి అర్థం కాదనడం నేను ఇప్పటికీ క్షమించలేదు. నేనే టంకం పెట్టి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పిల్లలకు ఏమని చెబుతాను? ఒక్కొక్కటి తీసి చూడండి అంటాను కదా. తెల్లవారుజామున కారులో కూర్చుని అదే చేశాను. ఇంజిన్ ఆపి, తాళం సగం తిప్పి పాట పెడితే ఈల లేదు. అంటే ఇంజిన్‌తో పాటు తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌కు సంబంధం ఉంది. ఇంజిన్ వేసి, చార్జింగ్ తీగ మాత్రం లైటర్ సాకెట్ నుంచి పీకేస్తే ఈల ఠక్కున ఆగింది. మళ్లీ చార్జింగ్ పెట్టి, ఈసారి స్టీరియోకు కాకుండా హెడ్‌ఫోన్‌కు కలిపితే అప్పుడూ లేదు. రెండూ ఒకేసారి కారుకు తగిలినప్పుడే ఈల. అప్పుడు అర్థమైంది. చార్జర్ గ్రౌండ్, అంటే కరెంటు వెనక్కి పోయే తీగ, ఒక దారిన, స్టీరియో గ్రౌండ్ ఇంకో దారిన కారు శరీరానికి చేరుతున్నాయి. ఆ రెండు చోట్ల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజీ తేడా వల్ల, పాట వచ్చే తీగ గ్రౌండ్ గుండా విద్యుత్తు తిరుగుతున్నది. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే హెచ్చుతగ్గులు దానితో కలిసి స్పీకర్లలోకి చేరుతున్నాయి. ఇంజిన్ వేగం పెరిగితే ఆల్టర్నేటరూ వేగంగా తిరుగుతుంది కాబట్టి ఈల పైకి పోతుంది. స్టీరియో కరెంటు తీగలో ఎన్ని ఫిల్టర్లు వేసినా ఈ వలయం తెగదు.

ఈ వలయాన్ని (గ్రౌండ్ లూప్) తెంచేది గ్రౌండ్ లూప్ ఐసొలేటర్. పాట వచ్చే తీగకూ స్టీరియోకూ మధ్య దీన్ని తగిలించాలి. అగ్గిపెట్టెంత ఉంటుంది, నాకు మూడు వందల యాభైకి దొరికింది. లోపల ఎడమకు ఒకటి, కుడికి ఒకటి చొప్పున చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. ఒక చుట్టలోని సంకేతం రెండో చుట్టలోకి అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది తప్ప తీగకూ తీగకూ సంబంధం ఉండదు. ఏటేటా బోర్డు మీద గీసే బొమ్మే. చవక రకాల్లో బాగా లోతైన ధ్వని కొంచెం పలచబడుతుంది. డప్పుల పాటలు వినేవాళ్లు ఇంకొంచెం పెట్టి మంచిది కొనండి. మా అమ్మమ్మ పాటల్లో గొంతూ చప్పట్లే కాబట్టి నాకు తేడా తెలియలేదు.

నిన్న కొండమల్లేపల్లి దాటి కల్వకుర్తి రోడ్డు ఎక్కాక రెండో క్యాసెట్ పాటలు వచ్చాయి. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే లోపు అమ్మమ్మ మెల్లగా, "ఆ తంగేడు ఇటు అందించు" అంటుంది. వెంటనే ఒక ఆడగొంతు, "ఇదిగో అమ్మా" అంటుంది. ఇన్నేళ్లలో ఆ ముక్క మేం ఎవరమూ వినలేదు. ఇంట్లో చిన్న స్పీకర్‌లో వినపడేంత పెద్దగా లేదు, కారులో ఈల దాన్ని మింగేసింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని, "అది నేనే" అన్నది. కల్వకుర్తి వచ్చేదాకా ఆ ముక్కనే నాలుగుసార్లు పెట్టించుకున్నది.

రాత్రి మహబూబ్‌నగర్‌లో చెల్లెలి కంప్యూటర్‌కు ఐపాడ్ తగిలించి పాటలన్నీ కాపీ చేశాను. దాచిన ఫోల్డర్లు కనపడేలా పెట్టుకుంటే లోపల ఎఫ్00, ఎఫ్01 అని వరుసగా ఉంటాయి. పాటల పేర్లు ఉండవు, నాలుగేసి అక్షరాలు ఉంటాయి. భయపడకుండా అన్నీ తీసుకోండి. ఒక ప్రతి చెల్లెలి దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర ఉంచాను. తంగేడు ముక్క ఉన్న పాటను విడిగా అమ్మ ఫోనులో వేశాను.