కారవాన్‌లో ఏనుగు మల్లమ్మ కొండకు

ఈ ప్రయాణానికి అసలు కారణం మా అమ్మ మోకాళ్లు. ఆమెకిప్పుడు 76 ఏళ్లు. కారులో గంటసేపు కాళ్లు మడుచుకుని కూర్చుంటే దిగేటప్పుడు ఇద్దరం చెరో పక్క పట్టుకోవాలి. పైగా గంటకో గంటన్నరకో బాత్రూము. తిరుపతి నుంచి మదనపల్లె 120 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కానీ ఆ దారిలో ఒక ముసలావిడ ముక్కు మూసుకోకుండా లోపలికి పోగల బాత్రూములు ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కొన్నిచోట్ల తాళం వేసి ఉంటుంది, తాళం చెవి ఉన్నతను టీ తాగడానికి పోయుంటాడు. ఆ భయంతోనే అమ్మ ఐదేళ్లుగా పెళ్లిళ్లకు కూడా రావడం మానేసింది.

జర్మనీలో ఉన్న మా తమ్ముడు ఒకసారి వీడియో కాల్‌లో బాడెన్-బాడెన్ అనే ఊరు చూపించాడు. కొండల మధ్య వేడినీళ్ల బుగ్గలు, రోమన్ల కాలం నుంచి జనం ఆరోగ్యం కోసం అక్కడికి పోయి స్నానాలు చేస్తున్నారట. వాడు పోయింది మంచం, పొయ్యి, బాత్రూము అన్నీ ఉన్న బండిలో. అమ్మ బుగ్గలను పట్టించుకోలేదు. "ఆ బండి మనకాడ దొరకదా నాయనా?" అంది.

దొరుకుతుంది, బెంగళూరులో. డ్రైవరుతో సహా రెండు రోజులకు మాట్లాడుకున్నాం. ఎక్కడికి పోదామంటే అమ్మ ఒక్కటే చెప్పింది: మదనపల్లె దగ్గరున్న హార్స్‌లీ హిల్స్, వచ్చేటప్పుడు ఆరోగ్యవరం. మొదటిది అందరి కోసం, రెండోది తన కోసం.

సంక్రాంతి అయిన వారానికి బండి వచ్చి మా వీధిలో నిలబడింది. మన తెలుగువాళ్లకు కారవాన్ అంటే సినిమా వాళ్లదే కదా. ఎదురింటి పిల్లలు వచ్చి హీరో ఎవరని అడిగారు. పీలేరులో టీకి ఆపితే కొట్టతనూ అదే ప్రశ్న, "ఎవురి షూటింగ్ సార్?" అని. అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి "నాదే అబ్బయ్యా" అంది. అతను టీలో చక్కెర ఎక్కువేసి ఇచ్చాడు.

బండి లోపల రెండు మంచాలు, మడిచే బల్ల, కరెంటు పొయ్యి, చిన్న ఫ్రిజ్జు, ఓ మూల అలమారంత బాత్రూము. చూడ్డానికి ముచ్చటగా ఉంది. చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కేదాకా ఆ ముచ్చట నిలిచింది. మొదటి మలుపులోనే పై అర తలుపు తెరుచుకుని స్టీలు గ్లాసులన్నీ మా ఆవిడ ఒళ్లో పడ్డాయి. రెండో మలుపులో ఊరిబిండి డబ్బా. మూడో మలుపుకు మా అమ్మాయి కింద కూర్చుని రెండు కాళ్లతో ఫ్రిజ్జు తలుపు తన్నిపెట్టి ఉంది. బయట శేషాచలం అడవి ఎంత పచ్చగా ఉందో మాలో ఎవరూ చూడలేదు. డ్రైవరు ములబాగల్ వైపు మనిషి. "తలుపులకు గొళ్లాలు పెట్టాల సార్, చెప్పేది మర్చిపోతి" అన్నాడు, ఘాట్ దాటాక.

వాయల్పాడులో పట్టాభిరాముడికి బయటినుంచే దండం పెట్టుకుని మదనపల్లె మీదుగా సాగిపోయాం. ఎదురొచ్చే లారీల్లో సగం టమాటా పెట్టెలే. ఊరు దాటుతుంటే మా అమ్మాయి బడిలో చదివింది ఒప్పజెప్పింది: 1919లో రవీంద్రనాథ్ టాగూరు ఇక్కడి బిసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉండగానే జనగణమనను ఇంగ్లీషులోకి మార్చాడని, పాటకు బాణీ కుదర్చడంలో మార్గరెట్ కజిన్స్ చెయ్యి ఉందని. డ్రైవరు నమ్మలేదు. ఫోనులో చూసి నమ్మాడు.

కొండ ఎక్కడం మొదలైతే చలి. హార్స్‌లీ హిల్స్ నాలుగు వేల అడుగుల పైమాటే. డబ్ల్యూ.డి. హార్స్‌లీ అనే కడప కలెక్టరు 1870 ప్రాంతంలో ఎండలకు తాళలేక ఇక్కడ బంగళా కట్టుకున్నాడు. కడప కలెక్టరుకు చిత్తూరు కొండ మీద ఏం పని అనిపించవచ్చు. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో. అంతకు ముందు మదనపల్లె కడప కిందే ఉండేది. 2022లో మళ్లీ చిత్తూరు నుంచి విడదీసి అన్నమయ్య జిల్లాలో కలిపారు. మా అమ్మ మాత్రం ఇప్పటికీ "మన చిత్తూరు కొండ" అనే అంటుంది.

దొర పేరు రాకముందు ఇది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల ఉండేదట. చెంచులకు జబ్బు చేస్తే ఆకుపసర్లతో నయం చేసేదట. ఒకనాడు ఉన్నట్టుండి కనబడకుండా పోతే ఆమెకు గుడి కట్టి కొలుస్తున్నారు. వేడినీళ్ల బుగ్గలు మనకు ఇక్కడ లేవు. ఉన్నది గాలి, ఆకు. పాతకాలం వాళ్లు "గాలి మార్పు" అనేవాళ్లే, ఆ మాట నిజంగా అర్థమైంది గాలిబండ మీద నిలబడ్డాక. చీర కొంగు, శాలువా, నా టోపీ తలో దిక్కుకు పోయాయి. టోపీ ఇంకా రాలేదు. 1859లో నాటారని చెప్పే కల్యాణి అనే నీలగిరి చెట్టు దగ్గర మాత్రం అమ్మ చాలాసేపు నిలబడింది. "నా కంటే పెద్దది ఒకటన్నా ఉంది" అంది.

రాత్రికి ఒక గెస్ట్‌హౌస్ ఆవరణలో అడిగి బండి పెట్టుకున్నాం. వాళ్ల ప్లగ్గు నుంచి వైరు లాక్కుని హీటరూ పొయ్యీ ఒకేసారి వేసేసరికి వాళ్లకీ మాకూ కరెంటు పోయింది. నిద్రలోంచి లేచొచ్చిన వాచ్‌మన్ బండిని పైనుంచి కిందికి చూసి "దీనికన్నా రూము చవక కదా సార్" అన్నాడు. నిజమే. డబ్బు లెక్కన చూస్తే కారవాన్ దండగ. రెండు రూములు తీసుకుని, కారులో వచ్చి, ఇంకా మిగుల్చుకోవచ్చు.

తెల్లవారి ఇంకో పాఠం. అమ్మాయి తలస్నానానికి ట్యాంకులో నీళ్లన్నీ అయిపోయాయి. ఇంట్లో కుళాయి తిప్పేటప్పుడు పైన ట్యాంకులో ఎంతుందో ఎప్పుడన్నా చూశామా? ఇక లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోయే సంగతి ఎవరూ రాయరు గానీ, కారవాన్‌లో సగం టెన్షన్ అదే. బాత్రూము ట్యాంకు ఖాళీ చేసే ఏర్పాటు మన దారుల్లో ఉండదు. గెస్ట్‌హౌస్ వాళ్లను బతిమాలి, వాళ్ల సెప్టిక్ ట్యాంకు మూత తీయించి, డ్రైవరూ నేనూ అరగంట ఆ పని చేశాం. రోడ్డు పక్కన వదిలేసి పోయేవాళ్లూ ఉంటారని డ్రైవరు చెప్పాడు. కిందున్న ఊళ్ల వాళ్లు తాగే నీళ్లు ఈ కొండవే కదా అని నాకు ఒళ్లు మండింది.

దిగేటప్పుడు ఆరోగ్యవరం. యాభైల్లో మా ఇళ్లలో "మదనపల్లెకు పంపించారు" అంటే క్షయ అని అర్థం, జబ్బు పేరు చెప్పేవాళ్లు కాదు. 1915లో మిషనరీ సంఘాలు కలిసి ఇక్కడ శానిటోరియం తెరిచాయి. క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ అనే డేనిష్ డాక్టరు దాన్ని నడిపాడు. మందులు రాకముందు వైద్యమంటే పొడి గాలి, ఎండ, గుడ్లు, పాలు, కదలకుండా పడుకోవడం. మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, చేరేనాటికి స్ట్రెప్టోమైసిన్ అనే మందు వచ్చింది గానీ నెలల తరబడి మంచం తప్పలేదు. 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన, ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని తేల్చింది. ఇప్పుడిది అన్ని జబ్బులూ చూసే ఆసుపత్రి.

అమ్మకు అప్పుడు ఆరేడేళ్లు. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదట. అవ్వ క్యారియరు తీసుకుని లోపలికి పోతే, తను చెట్టు కింద నిలబడితే, తాత వరండాలోంచి చెయ్యి ఊపేవాడట. "శానా దూరం నాయనా, మొకం ఆనేది కాదు" అని చిన్నప్పటి నుంచి చెప్పేది.

ఏ వరండానో ఆమెకూ గుర్తులేదు. పాత కట్టడం ఒకటి చూసి ఇదే అంది. నా చెయ్యి పట్టుకుని అక్కడున్న చెట్టు దాకా నడిచి వెనక్కి తిరిగింది. ముప్పై అడుగులు కూడా లేదు.

"ఇంతేనా!" అంది. కాసేపు ఆగి, "అట్లయితే ఏడస్తా ఉన్నింది ఆయప్పకు కనపడే ఉంటాది" అంది.

మదనపల్లెలో అమ్మ ఒక టమాటా పెట్టె కొనిపించింది. ఇంత దూరం వచ్చి వట్టి చేతుల్తో పోతామా అని. ఘాట్‌లో దొర్లకుండా దాన్ని పెట్టడానికి బండి మొత్తంలో ఒకే ఒక్క చోటు కుదిరింది, బాత్రూము. గొళ్లెం వేశాం. పీలేరు దాటి భాకరాపేట వచ్చేసరికి అమ్మ నా భుజం తట్టింది. బండి పక్కకు ఆపి, పెట్టె దించి రోడ్డు మీద పెట్టి, ఆమె వచ్చాక మళ్లీ ఎక్కించాం.