ట్రంకు పెట్టె

1986లో, మన హాస్టల్లో ఉండి పదో తరగతి చదువుతున్నప్పుడు, నేను దొంగతనం చేశాను. ఈ సంచిక చదివేవాళ్లలో చాలామందికి ఆ సంగతి తెలుసు. తర్వాత జరిగింది మాత్రం ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

కొండపి అబ్బాయి పరీక్ష ఫీజుకని దాచుకున్న ముప్పై రూపాయలు వాడి దిండు కింద నుంచి తీశాను. రెండు సినిమాలు, ఒంగోలు బస్టాండు దగ్గర పరోటాలు. వారంలో అయిపోయాయి. అనుమానం నా పక్క మంచం వాడి మీదికి పోయింది. వాడిది పొదిలి వైపు పల్లెటూరు. అందరి ముందూ వాడి ట్రంకు పెట్టె బోర్లించారు. రెండు చొక్కాలు, ఆవకాయ సీసా, పేపర్లో చుట్టిన సున్నుండలు. డబ్బు లేదు. అయినా ఇంటికి ఉత్తరం వెళ్లింది. దొర్లిపోయిన సున్నుండ ఒకటి నేనే వంగి తీసిచ్చాను. "థాంక్స్ రా" అన్నాడు.

అప్పటికే బాప్తిస్మానికి పేరిచ్చి ఉన్నాను. పాస్టరు అయ్యగారు మమ్మల్ని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏరు చూపించడానికి తీసుకెళ్లారు. 1878 జులై 3న, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి రోజుల్లో, ఆ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. "అంతమందైనా గుంపుగా కాదు, ఒక్కొక్కరినే ముంచారు" అన్నారు అయ్యగారు. ఆ మాటతో నాకు టెన్షన్ మొదలైంది. రాత్రిళ్లు నిద్ర లేదు. చివరికి ఆయన దగ్గర ఏడ్చేశాను.

"దేవునితో చెప్పావా?"

"రోజూ చెప్తున్నానయ్యగారూ."

ఆయన బైబిలు తీసి, "మన పాపములను మనము ఒప్పుకొనినయెడల" అన్న యోహాను మొదటి పత్రిక వాక్యం చదివారు. "ఆయన క్షమించాడు, అందులో సందేహం పెట్టుకోకు. మనుషులకు చెప్తేనే క్షమిస్తాడని కాదు. కానీ ఆ అబ్బాయి పెట్టె ఎవరి ముందు తీశారు?"

"అందరి ముందు."

ఇంకేం అడగలేదు.

ఆ సాయంత్రం ప్రార్థనలో లేచి నిలబడి చెప్పాను. అమ్మ కోడిపెట్టను అమ్మి పంపిన డబ్బు కొండపి అబ్బాయికి ఇచ్చాను. వాడు తీసుకుని భుజం తట్టాడు. పక్క మంచం వాడు మాత్రం మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు, "మా నాయన ఇంకా నేనే తీశాననుకుంటున్నాడు. వచ్చి చెప్తావా?" అన్నాడు. బాప్తిస్మం జనవరికి వాయిదా వేయమని అయ్యగారిని నేనే అడిగాను. ఈ పని మిగిలి ఉండగా నీళ్లలో దిగలేననిపించింది.

క్రిస్మస్ సెలవుల్లో వాడితో బస్సెక్కాను. వాళ్ల నాయన పొగాకు బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) దగ్గర ఉన్నాడు. చేతులు ఆకు జిగురుతో నల్లగా ఉన్నాయి. నిలబడే చెప్పాను, మాట తడబడింది. ఆయన నా వైపు చూడలేదు, కొడుకు వైపు చూశాడు. "నిన్ను కొట్టాను గదరా" అన్నాడు. వాడు తల దించుకున్నాడు. ఆ దెబ్బల సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. దేవుని క్షమాపణ ఉచితమని వాక్యం చెబుతుంది. నా తప్పుకు ఇంకొకడు దెబ్బలు తిన్నాడని ఆ బ్యారన్ ముందు అర్థమయ్యాక, సిలువ గురించి విన్న ప్రసంగాలన్నీ నాకు వేరేగా వినిపించాయి.

ఆయన చేతులు కడుక్కొచ్చి, "ఇద్దరికీ అన్నం పెట్టు" అని లోపలికి కేకేశాడు. కంచాల ముందు కళ్లు మూసుకుని చేసిన ప్రార్థనలో కొడుకు పేరు చెప్పి, ఒక్క క్షణం ఆగి, నా పేరు కూడా చెప్పాడు.