మందపల్లి శనివారం: నువ్వుల నూనె, రావిచెట్టు, 19 వేల జపం

2025 మార్చి 29న శని కుంభం దాటి మీనంలోకి వచ్చాడు, ఆ రోజు నుంచి మా ఇంట్లో జరిగే ప్రతి చెడ్డపనికీ ఒక్కటే కారణం. బండి పంక్చరైనా, చెరువులో రొయ్యకి తెల్లమచ్చ వచ్చినా, నాకు రావాల్సిన ఇంక్రిమెంటు ఆగినా అమ్మ ఒకటే అంటుంది, "ఆ స్వామి నీ రాశిలో కూర్చున్నాడ్రా" అని. పేరెత్తదు. నాది ఉత్తరాభాద్ర, మీనరాశి. శని మన రాశికి పన్నెండో ఇంట రెండున్నరేళ్ళు, జన్మరాశిలో రెండున్నరేళ్ళు, రెండో ఇంట ఇంకో రెండున్నరేళ్ళు, మొత్తం ఏడున్నర, అదే ఏలినాటి శని. ఇప్పుడు కుంభం వాళ్ళకి ఆఖరి భాగం నడుస్తోంది, మాకు నడిమి భాగం, మేషం వాళ్ళకి మొదలు.

ఆయన పన్నెండు రాశులూ చుట్టి రావడానికి దాదాపు ఇరవైతొమ్మిదిన్నరేళ్ళు పడుతుంది కాబట్టి మనిషికి ఇది రెండుసార్లు, గట్టిగా బతికితే మూడుసార్లు వస్తుంది. మా వైపు మొదటిదాన్ని మంగు శని అంటారు, రెండోదాన్ని పొంగు శని అంటారు, మూడోదాని పేరు ఇక్కడ రాయను, పెద్దవాళ్ళు కూడా చదువుతారు. నాకు బళ్ళో వేసిన రోజుల్లోనే ఒకటి అయిపోయింది, అంటే ఇప్పుడు నడిచేది పొంగు. మా మావయ్య అమ్మని ఏడిపించేది కూడా ఇదే, "వాడికి పొంగు శనే చెల్లాయ్, వెళ్ళేటప్పుడు ఇచ్చి వెళ్తాడు, నువ్వు ఊరికే కంగారు పడకు" అంటాడు. అమ్మ వింటేగా.

ఎవరో చెప్పారని ఒక జ్యోతిష్యుడి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన జాతకం చూసింది రెండు నిమిషాలు, పరిహారం చెప్పింది అరగంట. ఋత్విక్కులతో 19,000 జపం, దానికి తగ్గ తర్పణం, జమ్మి సమిధలతో హోమం, నువ్వుల దానం, నీలం ఉంగరం, అన్నీ కలిపి ఆయన చెప్పిన అంకె వింటే ఉన్న శని చాలదన్నట్టు అప్పు కూడా పట్టుకునేలా ఉంది. పద్ధతి తప్పని అనట్లేదు, శనికి 19 వేల జపం అనేది మన వైపు పంచాంగాల్లో కూడా ఉండేదే. శని మహాదశ, అంటే జాతకంలో ఆయన ఏలుబడి నడిచే కాలం, 19 ఏళ్ళు, జపం 19 వేలు, అలాగే రవికి 6 వేలు, చంద్రుడికి 10 వేలు, కుజుడికి 7 వేలు, శుక్రుడికి 20 వేలు, ఎవరి దశ ఎన్నేళ్ళైతే జపం అన్ని వేలు. నాకు నచ్చనిది ఒకటే, ఇవన్నీ చెయ్యకపోతే ఏమవుతుందో అమ్మ మొహంలోకి చూస్తూ ఆయన చెప్పిన తీరు.

బయటికి వచ్చాక మావయ్యకి ఫోన్ చేశా. "జపం నువ్వు చేసుకోరా, శనివారం చూసి మందపల్లి వెళ్ళొద్దాం, నూనె పోసేసి వచ్చేద్దాం" అన్నాడు. మందపల్లి అంటే కోనసీమలో అందరూ శని గుడి అని వెళ్ళే ఊరు. తేలిపోయింది.

జపం మొదలుపెట్టింది మావయ్య చెప్పినట్టే. వ్యాసుడి నవగ్రహ స్తోత్రంలో శని శ్లోకం మీకందరికీ తెలిసిందే, నీలాంజన సమాభాసం రవిపుత్రం యమాగ్రజం, ఛాయామార్తాండ సంభూతం తం నమామి శనైశ్చరం. ఇది కాకుండా ఓం శం శనైశ్చరాయ నమః అని చిన్న నామమంత్రం. బీజాక్షరాలతో ఇంకోటి ఉంది గానీ అది గురువు దగ్గర తీసుకుని చెయ్యాలి అని మావయ్య దాని జోలికి వెళ్ళనివ్వలేదు. 108 పూసల రుద్రాక్షమాల, పడమర ముఖం, పొద్దున్నే స్నానం అయ్యాక. మాల తిరిగితే వందగానే లెక్క వేసుకోవాలిట, మిగిలిన ఎనిమిదీ మధ్యలో నోరు తడబడినవాటికి, మనసు ఎటో పోయినవాటికి. అలా చూస్తే 19 వేలకి 190 మాలలు. మొదట్లో నేను స్పీడుగా లాగించేసేవాణ్ణి, మాల ఐదు నిమిషాల్లో అయిపోయేది, మావయ్య ఒకరోజు పక్కన కూర్చుని విని "ఆయనే మెల్లగా నడిచేవాడ్రా, నీకెందుకంత తొందర" అన్నాడు. అప్పట్నుంచి మాలకి పది పన్నెండు నిమిషాలు పడుతోంది.

మందపల్లికి పుష్యమాసంలో వెళ్ళాం. పుష్యమి నక్షత్రానికి అధిపతి శనే, అందుకని ఈ నెల ఆయనకి ఇష్టమని అంటారు. శని త్రయోదశి నాడు వెళ్దామంది అమ్మ, కానీ శనివారం నాడు త్రయోదశి పడితే మందపల్లిలో అడుగు పెట్టలేం, ఎక్కడెక్కడి నుంచో బస్సులేసుకుని వస్తారు, రావులపాలెం నుంచే ట్రాఫిక్. మామూలు శనివారమే బాగుంటుందని ఒప్పించాం. ఇంకా చీకటుండగా పాలకొల్లులో బయల్దేరాం, నేనూ అమ్మా మావయ్యా. మార్టేరు, పెనుగొండ దాటేదాకా మంచు, ముందు వెళ్ళే గడ్డిలారీ తప్ప ఏమీ కనబడలేదు. సార్వా కోతలైపోయి దాళ్వాకి దమ్ము చేస్తున్నారు, రోడ్డుకి రెండు వైపులా నీళ్ళు పెట్టిన మడులు. సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి బ్రిడ్జి ఎక్కేసరికి వెలుగొచ్చింది, అమ్మ అద్దం దించి గోదారిలో చిల్లర వేసింది, వంతెన మీద కారు స్లో చేస్తే వెనకాల లారీవాడు హారన్, ఇది ప్రతిసారీ ఉండేదే.

రావులపాలెంలో అరటిగెలల లారీలు దాటుకుని అమలాపురం వైపు తిరిగితే ఇక ఎంతో దూరం లేదు. మందపల్లి కొత్తపేట మండలంలో ఊరు, 2022 నుంచి కోనసీమ జిల్లా. కొబ్బరిచెట్ల మధ్య మామూలు పల్లెటూరే, గుడి వీధిలోకి తిరిగితే మాత్రం నువ్వుల నూనె వాసన ముందు ఎదురొస్తుంది, తర్వాతే గోపురం. రెండు వైపులా దుకాణాల్లో ఒకటే సరుకు, నూనె సీసాలు, నల్ల నువ్వుల పొట్లాలు, నల్లగుడ్డ ముక్కలు, కొబ్బరికాయ. "రండమ్మా రండి, సెట్టు తీసుకోండి, చెప్పులు ఇక్కడే వదిలెయ్యండి, ఆయ్" అని పిలుస్తారు. మేం నూనె ఇంటి దగ్గర్నుంచే తెచ్చుకున్నాం, మా ఊరి గానుగది. సీసా మూత తీసి వాసన చూస్తే తేడా తెలిసిపోతుంది, కొన్ని దుకాణాల్లో దొరికేది దీపారాధన నూనె, అభిషేకానికి అది పొయ్యడం నాకెందుకో మనసొప్పదు.

తడిబట్టలతో లోపలికి వెళ్ళాం. ముందు సంకల్పం, గోత్రం, నక్షత్రం, రాశి. పూజారిగారు వరసగా కూర్చున్నవాళ్ళందర్నీ రాశి అడుగుతుంటే మీనం, కుంభం, మేషం, మళ్ళీ మీనం, మధ్యలో ఒకావిడ సింహం అంది, ఆవిడకి అష్టమ శని, అంటే ఎనిమిదో ఇంట. నా పక్కన ధనుస్సు, అర్ధాష్టమం, అంటే నాలుగో ఇంట. పాపం ఏదో పనిమీద ఊరొచ్చి తోడుగా వచ్చిన తులారాశి అబ్బాయి ఒక్కడే నిశ్చింతగా ఫోన్ చూసుకుంటున్నాడు.

తర్వాత తైలాభిషేకం. నా ముందు ఒక ముసలమ్మగారు, ఎనభై ఉంటాయేమో, చిన్న స్టీలు గిన్నెలో నూనె పట్టుకుంది. చెయ్యి వణుకుతోంది, మనవడు పట్టుకోబోతే వద్దంది. లింగం మీద సన్నటి ధారగా పోసింది, ఆఖర్న గిన్నె బోర్లించి వేలితో అడుగంతా తుడిచి ఆ వేలు కూడా లింగానికి రాసింది. అప్పటికే పోసిన నూనెతో లింగం నల్లగా మెరుస్తోంది, దీపం అందులో కనబడుతోంది. ఎవరి వెనకాల ఎంత క్యూ ఉందో ఆవిడకి పట్టలేదు, పూజారిగారు కూడా తొందర పెట్టలేదు. నా వంతు వచ్చాక నేను శ్లోకం చదువుతూ పోశా, సీసా ఖాళీ అయ్యేసరికి పదకొండోసారో పన్నెండోసారో, సరిగ్గా గుర్తులేదు. కింద గచ్చు అంతా జిడ్డు, అరికాళ్ళకి నువ్వులు అంటుకుని గరగరా అంటున్నాయి, మావయ్య అమ్మ మోచెయ్యి వదల్లేదు.

ఇక్కడ చాలామందికి తెలియనిది చెప్తా. అందరూ శని గుడి, శని గుడి అంటారు గానీ అక్కడున్నది శివుడు. మందేశ్వరస్వామి. మందుడంటే శనే, ఆయన ప్రతిష్ఠ చేసిన లింగం కాబట్టి ఆ పేరు. కథ గోదావరి మహిమ చెప్పే గౌతమీ మాహాత్మ్యంలోది. కైటభుడి కొడుకులు ఇద్దరు, అశ్వత్థుడు, పిప్పలుడు. ఒకడు రావిచెట్టు రూపంలో ఉండి చెట్టు కిందకొచ్చిన బ్రాహ్మణుల్ని మింగేసేవాడు, ఇంకొకడు సామవేదం చెప్పే గురువు వేషం వేసుకుని శిష్యుల్ని తినేసేవాడు. ఋషులు అగస్త్యుడితో చెప్పుకున్నారు, గోదావరి ఒడ్డున తపస్సు చేసుకుంటున్న శని దగ్గరికి వెళ్ళారు. నాకు ఇంకా తపస్సు పూర్తికాలేదు, బలం చాలదు అన్నాడాయన. మా తపోబలం ఇస్తాం అన్నారు వీళ్ళు. అప్పుడు శని బ్రాహ్మణ వేషంలో వెళ్ళి ఆ రావిచెట్టుకి ప్రదక్షిణ చేశాడు, వాడు మింగాడు, మింగినవాణ్ణి లోపల్నుంచే కాల్చేశాడు. తర్వాత శిష్యుడిలా వెళ్ళి రెండోవాణ్ణి కూడా. చంపింది రాక్షసుల్నే, అయినా ఆ పాపం పోవాలని ఇక్కడ లింగాన్ని పెట్టి శివుణ్ణి కొలుచుకున్నాడు అని స్థలపురాణం. శనివారం నాడు రావిచెట్టుని ముట్టుకున్నవాళ్ళకి నా పీడ ఉండదు అని శని మాటిచ్చింది కూడా ఆ కథలోనే.

అందరి కర్మల లెక్కా చూసేవాడు తన లెక్క సరిచేసుకోడానికి వచ్చి కూర్చున్న చోటు ఇది. ఈ కథ తెలిశాక నాకు ఆయనంటే భయం చాలా తగ్గింది, ఆ జ్యోతిష్యుడు అరగంటలో ఇది ఒక్క ముక్క చెప్పి ఉంటే అమ్మ అన్ని రాత్రులు నిద్ర మానుకునేది కాదు.

అభిషేకం అయ్యాక రష్ తగ్గితే పూజారిగారిని అడిగా, జపం నేనే చేసుకుంటున్నానండి, వేదమంత్రం కాదు, శ్లోకం, నామం, సరిపోతుందా అని. ఆయన వేదమంత్రం శమగ్ని అని మొదలవుతుందనీ, అందులో శని పేరే రాదనీ, అగ్ని, సూర్యుడు, గాలి మనకి మేలు చెయ్యాలన్న ప్రార్థన అనీ చెప్పారు. "అది స్వరంతో నేర్చుకోవాలి బాబూ, రానివాళ్ళు ఋత్విక్కులతో చేయించుకుంటారు. శ్లోకం మీరు చదువుకోవచ్చు, ఎవరూ అడ్డురారు. లెక్క తగ్గినా రోజు తప్పకండి" అన్నారు. అమ్మ వెంటనే ఉంగరం సంగతి అడిగింది. ఆయన నవ్వి, నీలం అందరికీ పడదమ్మా, కాకికి ముద్ద పెట్టండి, నువ్వులు బెల్లం కొట్టి చిమ్మిలి చేసి నైవేద్యం పెట్టండి అన్నారు. చిమ్మిలి అనేసరికి మావయ్య మొహం వెలిగింది, ఆయనకి షుగరు.

మళ్ళీ స్నానం చేసి పొడిబట్టలు కట్టుకున్నాం. వెళ్ళేవాళ్ళు పాత టవల్ ఒకటి, తడిబట్టలకి ప్లాస్టిక్ కవరు ఒకటి పట్టుకెళ్ళండి, ఆ జిడ్డు సబ్బుతో ఒక్కసారికి వదల్దు. పెద్దవాళ్ళుంటే చెయ్యి పట్టుకుని నడిపించండి. లోపల మందేశ్వరుడితో పాటు బ్రహ్మేశ్వరుడు, నాగేశ్వరుడు, వేణుగోపాలస్వామి కూడా ఉన్నారు, నూనె పోసిన హడావిడిలో చాలామంది చూడకుండానే వచ్చేస్తారు.

వచ్చేటప్పుడు లొల్ల లాకుల మీదుగా వాడపల్లి వెంకన్న దగ్గరికి వెళ్దామంది అమ్మ, ఏడు శనివారాలు ఏడు ప్రదక్షిణలు మొక్కుకుందిట, మాకు చెప్పకుండా. శనివారం వాడపల్లిలో కారు పెట్టడానికి చోటు దొరకాలంటే అదొక పూర్వజన్మ సుకృతం, అయినా శనికి వెళ్ళినవాళ్ళు తిన్నగా ఇంటికే వెళ్ళాలి, దారిలో ఎవరింటికీ వెళ్ళకూడదు అని రూలు చెప్పేది అమ్మే. దేవుడిల్లు ఎవరిల్లూ కాదంది. అది ఇంకో వారం నుంచి మొదలుపెట్టేలా ఒప్పించేసరికి రావులపాలెం వచ్చింది.

అక్కడ మా పిన్ని ఉంటుంది. ఫోన్ చేసి, మా ఊరి మీంచి వెళ్తూ గుమ్మం తొక్కకుండా వెళ్తారా, అన్నం వండాను అని మావయ్య మీద కేకలు. మందపల్లి నుంచి వస్తున్నామే అన్నాడు మావయ్య. అవతల ఒక్క క్షణం మాట లేదు. "అయితే ఇంటికొద్దు, మీరు సెంటర్లో ఆగండి, నేనే వస్తా" అంది. ఆటోలో వచ్చింది, పూతరేకుల ప్యాకెట్టూ పులిహోర డబ్బా తెచ్చి కారు అద్దంలోంచి సీటు మీద పెట్టింది, చేతికి చెయ్యి తగలకుండా. మావయ్యకి నవ్వొచ్చి ఆ కథంతా మళ్ళీ మొదలుపెట్టాడు, శనే తన పాపం కడుక్కున్న చోటు నుంచి వస్తున్నాం, మా దగ్గర నీకేం అంటుకుంటుందే అని.

"అన్నీ నిజవే అన్నయ్యా, కానీ మా ఆయనది మేషం" అని రెండడుగులు వెనక్కేసింది.