నాలుగు నెలల పెంపకం, పదకొండు టమాటాలు

గదిలో ఆరు కుండీలు పెట్టి నాలుగు నెలలు పెంచితే చేతికొచ్చినవి పదకొండు టమాటాలు. అందులో మూడు గోలీకాయంత. రెండు మిర్చి మొక్కలకి పూత వచ్చింది కానీ ఒక్క పిందె నిలవలేదు. పాలకూర మాత్రం నాలుగుసార్లు కోసుకున్నాను. అప్పుడు చాలా బాధేసింది, ఎందుకంటే నేను ఏ రోజూ అశ్రద్ధ చేయలేదు.

నిజానికి మొక్కలు మొదటి నెలలోనే చెప్పాయి. నారు గబగబా పొడవెదుగుతుంటే సంబరపడ్డాను. ఆకుకీ ఆకుకీ మధ్య బెత్తెడు ఎడం, దారంలాంటి కాడ, మొక్క మొత్తం కిటికీ వైపు వాలిపోయి ఉండేది. అది ఎదుగుదల కాదు, వెలుతురు కోసం సాగడం.

గదిలో వెలుతురు బాగానే ఉంది కదా అనుకున్నాను. మన కన్ను తక్కువ వెలుగుకి ఇట్టే సర్దుకుపోతుంది, అందుకే తేడా తెలియదు. తర్వాత ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ పెట్టి కొలిచాను (లక్స్ అంటే వెలుగుని కొలిచే ప్రమాణం). కిటికీ గట్టు మీద 3,000 దాకా చూపించింది, రెండు మీటర్లు లోపల నా కుండీలున్న చోట 400. నడినెత్తి ఎండలో అది లక్ష దాకా ఉంటుంది. ఫోన్ లెక్క అంత కచ్చితం కాదు, అయినా ఇంత తేడా తెలియడానికి అది చాలు. టమాటాకి రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటల నేరు ఎండ కావాలి. పాలకూర ఎందుకు బతికిందో కూడా అప్పుడే అర్థమైంది. ఆకు కోసుకునే మొక్కకి కాయ కాసే మొక్కకి కావలసినంత వెలుగు అక్కర్లేదు.

వెలుగు లేని లోటుని నేను నీళ్లతోనూ ఎరువుతోనూ పూడ్చబోయాను. కింది ఆకులు పసుపు తిరిగితే నీళ్లు పోశాను. ఇంకా పసుపెక్కితే నత్రజని ఎక్కువున్న ఎరువు వేశాను. వెలుగు తక్కువైనప్పుడు మొక్క నీళ్లు కూడా తక్కువే తాగుతుంది. మట్టి ఆరదు, వేళ్లకి గాలి అందదు, ఆకులు మళ్లీ పసుపెక్కుతాయి. తడి మట్టి మీద సన్నటి నల్ల ఈగలు ముసిరినా నాకు తట్టలేదు. చివరికి ఒక మొక్కని పీకి చూస్తే అడుగు మట్టి బురదలా ఉండి మురుగు వాసన కొట్టింది. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగులోకి మారి, వేలితో లాగితే పైతోలు ఊడి లోపలి పోగు మాత్రమే మిగిలింది. నీరు దిగుతుందని అడుగున గులకరాళ్లు కూడా వేశాను. అదీ పొరపాటే. మెత్తటి మట్టిలోంచి నీరు రాళ్లలోకి అంత సులువుగా దిగదు, తడి పొర వేళ్లకి ఇంకా దగ్గరగా పైకి జరుగుతుంది.

ఇక పూత సంగతి. టమాటా పువ్వు కాడ మీద కణుపులాంటి చిన్న ముడి ఉంటుంది. అది పసుపెక్కిందంటే, మర్నాడు పువ్వు అక్కడే తెగి మట్టి మీద పడి ఉండేది. బలం లేక రాలిపోతోందనుకున్నాను. వెలుగు తక్కువైనా పూత రాలుతుంది, కానీ ఇంకో కారణం కూడా ఉంది. ఆ పువ్వులో ఆడా మగా రెండూ ఉంటాయి, పుప్పొడి మాత్రం గొట్టంలాంటి కేసరాల లోపల ఉంటుంది. అది రాలాలంటే పువ్వు అదరాలి. బయట ఆ పని గాలీ తుమ్మెదలూ చేస్తాయి. మూసిన గదిలో ఎవరు చేస్తారు?

రెండోసారి రెండే టమాటా మొక్కలు పెట్టాను, ఒక్కోదానికి 20 లీటర్ల కుండీ. పైన ఎల్‌ఈడీ గ్రో లైటు, రోజుకి 14 గంటలు, టైమర్‌తో. దీపం ఎంత దూరంలో ఉందన్నది చాలా ముఖ్యం. దూరం రెట్టింపైతే వెలుగు దాదాపు నాలుగో వంతుకి పడిపోతుంది. అందుకే మొక్క ఎదిగేకొద్దీ లైటుని పైకి జరుపుతూ కొసకి ఒక అడుగు ఎడం ఉంచాను. కుండీని ఒకవైపు కాస్త ఎత్తి చూసి, తేలికైతేనే నీళ్లు పోశాను. పూత మొదలవగానే నత్రజని తగ్గించాను. మధ్యాహ్నం పూట కరెంటు టూత్‌బ్రష్ వెనకవైపుని పూగుత్తి కాడకి ఆనించేదాన్ని. మొదటిసారి కింద నల్ల కాగితం పట్టి చూశాను, పసుపు పొడి సన్నగా రాలింది.

ఈసారి మొదటి మొక్కే 38 కాయలు ఇచ్చింది. మిర్చికి వారం క్రితం లైటు కింద చోటిచ్చాను, ఇంకా పూత దశలోనే ఉంది.