వేడినీళ్ల కస్టమర్ కేర్

అనంతపురం నుంచి బెంగళూరు వచ్చి నాలుగేళ్లు. మారతహళ్లిలో పీజీ. మిద్దె మీద సోలార్ ఉంది కానీ పైఅంతస్తు వాళ్లు ఆరింటికే స్నానాలు కానిచ్చేస్తారు. కిందున్న మాకు ఎనిమిదింటికి చన్నీళ్లే. అలాంటి నేను మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి హెడ్‌సెట్ పెట్టుకుని, ఇంగ్లండ్‌లో వేడినీళ్లు రానివాళ్లకు సర్దిచెబుతుంటాను.

"వేడినీళ్లకు కంపెనీ ఏందిరా, వాళ్లిండ్లలో పొయ్యి లేదా?" అంది అమ్మ.

నిజంగానే లేదు. అక్కడ కొన్ని అపార్ట్‌మెంట్లకు కింద ఒకటే పెద్ద బాయిలర్. ఆ వేడి పైపుల్లో ప్రతి ఫ్లాట్‌కూ వెళ్తుంది. అల్మారాలో ఒక పెట్టె, వాడిన వేడిని యూనిట్లలో లెక్కేసే మీటరు. దీన్నే హీట్ నెట్‌వర్క్ అంటారు. రేటు నచ్చకపోతే ఇంకో కంపెనీకి మారదామంటే కుదరదు, బిల్డింగుకున్న పైపు అదొక్కటే. ఇళ్ల గ్యాస్, కరెంటు రేట్లకు 2019 నుంచి అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ పెట్టిన పరిమితి ఉంది. వీళ్లకు అదీ వర్తించదు.

చేరిన కొత్తలో ఒక డిసెంబరులో ఓ పెద్దావిడ ఫోన్ చేసింది. మూడు రోజులుగా హీటింగ్ లేదు, ఇంట్లో కోటు వేసుకునే మాట్లాడుతున్నానంది. ఆ మూడు రోజులకూ స్టాండింగ్ ఛార్జ్, అంటే వాడినా వాడకపోయినా రోజూ కట్టాల్సింది, మాత్రం పడింది. "ఇంకెవరికి చెప్పుకోవాలి?" అని అడిగింది. హీట్ ట్రస్ట్ అని కస్టమర్ల రక్షణ కోసం ఇష్టమున్న కంపెనీలు చేరే పథకం ఒకటుంది, ఆవిడ బిల్డింగ్ అందులో లేదు. సారీ చెప్పాను. ఆ రోజుకు అది ఎన్నో సారీయో!

2025 ఏప్రిల్‌లో కొత్త రూలు వచ్చిందని మాకు మళ్లీ ట్రైనింగ్. ఎనిమిది వారాల్లో మేం తేల్చకపోతే కస్టమర్ ఫిర్యాదులపై తీర్పు చెప్పే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి పోవచ్చు. 2023 ఎనర్జీ చట్టం ప్రకారం 2026 జనవరి 27 నుంచి ఆఫ్‌జెమ్ అజమాయిషీ కూడా మొదలైంది. రేట్ల పరిమితి మాత్రం రాలేదు, నాకైతే అసలు లోటు అదే. అయినా ఇప్పుడు ఆరో వారం దాటిన ఫిర్యాదు టికెట్ మా స్క్రీన్ మీద ఎర్రబడుతుంది, టీమ్‌లీడ్‌కు టెన్షన్ పట్టుకుంటుంది. నా సారీకి కదలని మెకానిక్ ఆ ఎరుపుకు కదులుతాడు.

ఆ ధైర్యంతోనే మా పీజీ ఓనర్‌ని అడిగాను, "అన్నా, కింద కూడా వేడినీళ్లు వచ్చేలా చూడండి" అని.

"నచ్చకపోతే ఖాళీ చెయ్ తమ్ముడూ. అడ్వాన్స్‌లో నెల అద్దె పట్టుకుంటా."

పాపం, ఆ పెద్దావిడకు ఖాళీ చేయడం కూడా ఇంత తేలిక కాదు. నేనైతే ప్రస్తుతానికి అలారం ఐదున్నరకు పెట్టుకుంటున్నా.