మేం వచ్చాక మారుతున్న ఊరు

ఐడహోలో ఎవరైనా "ఎక్కణ్ణుంచి వచ్చారు?" అని అడిగినప్పుడు "ఇండియా" అంటే ముఖం విప్పారుతుంది. "కాలిఫోర్నియా" అంటే ఒక్క క్షణం మాట ఆగిపోతుంది. మాకు రెండూ నిజమే. నేను పుట్టింది దివిసీమలో, పిల్లలు పుట్టింది ఫ్రీమాంట్‌లో. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకోవచ్చని 2021లో వచ్చి స్థిరపడింది బోయిసీకి పడమట, స్టార్ ఊరు దాటాక కెన్యన్ కౌంటీలో.

వచ్చిన కొత్తలో ముందు వెళ్తున్న ట్రక్కు వెనక ఒక స్టిక్కర్ చూసి మా అమ్మాయి చదివింది. "మా ఐడహోని కాలిఫోర్నియా చెయ్యొద్దు" అని దాని భావం. "అమ్మా, అది మన గురించేనా?" అని అడిగింది. "మన గురించే" అన్నాను. పదేళ్ల పిల్లకి అంతకంటే మెత్తగా చెప్పొచ్చేమో గానీ, నిజం అది.

2010 నుంచి 2020 లోపు ఐడహో జనాభా 17.3 శాతం పెరిగింది. ఆ పదేళ్లలో అంతకంటే వేగంగా పెరిగిన రాష్ట్రం యూటా ఒక్కటే. స్టార్‌లో 2010 లెక్కల్లో 5,793 మంది ఉంటే 2020కి 11,117 మంది అయ్యారు. ఈ లెక్క మేం రాకముందుది. కోవిడ్ తర్వాత వచ్చినవాళ్లు ఇందులో లేరు. సియాటిల్ నుంచి, పోర్ట్‌లాండ్ నుంచి, కాలిఫోర్నియా నుంచి అక్కడి ఇల్లు అమ్ముకున్న డబ్బుతో వచ్చి, ఇక్కడివాళ్లు జన్మలో పెట్టలేని ధర పెట్టి కొన్నాం. ఇక్కడే పుట్టి పెరిగిన కుర్రాడికి పెళ్లయితే తల్లిదండ్రుల ఊళ్లో ఇల్లు కొనుక్కునే దారి లేకుండా పోయింది. స్టిక్కర్ వెనకున్న కోపం అది.

తెలుగువాళ్లు బోయిసీ చుట్టూ ఉన్న ఈ లోయకి మాకంటే చాలా ముందే వచ్చారు, కంప్యూటర్ మెమరీ చిప్పులు చేసే మైక్రాన్ కంపెనీ వల్ల. 1978లో బోయిసీలో పుట్టిన కంపెనీ అది. మొదటి రోజుల్లో దాన్ని నిలబెట్టిన పెట్టుబడిలో పెద్ద భాగం జె.ఆర్. సింప్లాట్‌ది, అంటే బంగాళాదుంపల మీద సంపాదించిన డబ్బు. ఇక్కడి పొలాల్లో పండిన దుంప చిప్పుల ఫ్యాక్టరీ అయింది, ఆ ఫ్యాక్టరీ మన ఇంజనీర్లని రప్పించింది, ఇప్పుడు ఆ ఇంజనీర్ల ఇళ్ల కోసం పొలాలు పోతున్నాయి. పిల్లలకి ఈ వరస విడమరిచి చెప్పాను. వాళ్లకి తెలిసుండాలి.

ప్రవాసంలో పిల్లల పెంపకం అనగానే మనకి రెండే లెక్కలోకి వస్తాయి: మన సంస్కృతి, అమెరికా సంస్కృతి. ఆదివారం తెలుగు బడి, దసరాకి బొమ్మల కొలువు, కూచిపూడి క్లాసు ఒక పక్క. స్కూలు, సాకర్, హాలోవీన్ ఇంకో పక్క. కానీ ఏ అమెరికా? ఫ్రీమాంట్‌లో మా వీధిలో సగం మంది మనవాళ్లే. అక్కడ మా పిల్లలు వేరే సంస్కృతి మధ్య ఉన్నామని అనుకునే అవసరమే రాలేదు. ఇక్కడ మేం దిగింది నూరేళ్ల పైబడి ఒక పద్ధతిలో బతుకుతున్న రైతుల మధ్య. వాళ్లకీ పండగలున్నాయి, మర్యాదలున్నాయి, పెద్దల నుంచి వచ్చిన కట్టుబాట్లున్నాయి. మన ఆచారం పిల్లలకి అందాలని అంత తపన పడే మనం, మన రాకతో పల్చబడిపోతున్న ఇంకొకరి ఆచారాన్ని కూడా వాళ్లకి నేర్పాలి కదా. నేను అడిగేది ఇదే.

మా సబ్‌డివిజన్, అంటే మా ఇళ్ల కాలనీ అంతా ఒకప్పుడు మొక్కజొన్న విత్తనం పండించిన చేను. మా వెనక కంచె అవతల పిల్ల కాలువ ఉంది. ఈ లోయలో ఏడాది వాన పన్నెండు అంగుళాల లోపే. కాలువలే లేకపోతే ఇదంతా సేజ్‌బ్రష్ పొదల ఎడారి. ఇక్కడి పెద్ద కాలువ న్యూయార్క్ కెనాల్‌లో 1909లో నీళ్లు పారాయి. 1915లో బోయిసీ నది మీద కట్టిన యారోరాక్ డ్యాము ఎత్తు 348 అడుగులు. అప్పట్లో ప్రపంచంలో అంత ఎత్తైన ఆనకట్ట ఇంకోటి లేదు. ఇంచుమించు ఏప్రిల్ మధ్యలో కాలువలు వదులుతారు, అక్టోబరు మధ్యకి కట్టేస్తారు. నీళ్లని ఎవరు ముందు వాడుకలోకి తెచ్చారో వాళ్లకి ముందు హక్కు. కరువు ఏడాదిలో తర్వాత వచ్చినవాడి తూము ముందు మూతపడుతుంది. స్నేక్ నది పరీవాహకంలో ఎవరి హక్కు ఎంతో తేల్చడానికి 1987లో మొదలైన కోర్టు వ్యవహారం 2014లో గానీ తుది డిక్రీకి రాలేదు. ఇక్కడ నీటి విలువ అది.

దివిసీమ శివారు భూముల్లో పుట్టినదాన్ని. నాకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. ఎగువవాళ్లు రాత్రికి రాత్రి గండి కొడితే మా నాన్న నారుమడి ఎండిపోయిన సంవత్సరాలు నాకు గుర్తు. మా ఊళ్లో లస్కరు చేసే పనే ఇక్కడ డిచ్ రైడర్ చేస్తాడు. సైకిల్ బదులు పికప్ ట్రక్కు, అంతే తేడా. తూములు ఎత్తడం, దించడం, వంతులు చూడటం, ఇద్దరి మధ్య తగువు వస్తే మధ్యలో నిలబడటం అన్నీ అవే.

మొన్న వేసవిలో మా వరసలో ఎవరో లాన్ కోసిన గడ్డంతా తెచ్చి ఆ కాలువలో పోశారు. చెత్త అయిదారు ఇళ్లవతల ఇనుప జాలీకి అడ్డం పడింది. నీళ్లు పొంగి ఒకాయన పెరట్లోకి వచ్చాయి, దిగువ ఉల్లి చేనుకి మాత్రం చేరలేదు. పొద్దున్నే ఆ చేను రైతు మోకాళ్ల దాకా నీళ్లలో దిగి పంగలకర్రతో గడ్డి లాగి గట్టున వేస్తున్నాడు. డెబ్భై దాటిన మనిషి. మా అబ్బాయి కంచె దగ్గర నిలబడి చూసి, చెప్పులు విప్పి, తనూ గట్టు మీద గడ్డి అవతలికి ఈడ్చాడు. ఆయన ఒక్క మాట తిట్టలేదు. పనయ్యాక మాత్రం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, కాలువ దగ్గరికి ఒంటరిగా ఎప్పుడూ రావద్దనీ, తూము కింద నీటి లాగుడు పెద్దవాణ్ణి కూడా వదలదనీ చెప్పి పంపాడు. ఆ సాయంత్రం మా వాట్సాప్ గ్రూపులో "కాలువ వాసన వస్తోంది, కంప్లైంట్ ఎవరికి ఇవ్వాలి?" అని చర్చ. నేను ఉల్లి చేను సంగతి రాశాను. ఇద్దరు ముగ్గురు అర్థం చేసుకున్నారు.

పేడ వాసన, దుమ్ము, తెల్లవారకముందే నెత్తి మీద మందు కొట్టే విమానం, పంట కోతల్లో రాత్రి పన్నెండింటికీ లైట్లేసుకుని తిరిగే యంత్రాలు, రోడ్డు మీద నారింజ రంగు త్రికోణం తగిలించుకుని నెమ్మదిగా పోయే ట్రాక్టరు: కొత్తవాళ్ల ఫిర్యాదులన్నీ వీటి మీదే. నిజానికి ఇవి పాత తగవులే. కొలరాడోలోని లారిమర్ కౌంటీ కమిషనర్ జాన్ క్లార్క్ 1990ల్లోనే, పల్లెకి మకాం మార్చేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతులని 'కోడ్ ఆఫ్ ద వెస్ట్' పేరుతో రాసిపెట్టాడు. దుమ్ము ఉంటుంది, వాసన ఉంటుంది, అంబులెన్సు ఆలస్యంగా వస్తుంది, మీ పొలం గుండా పోయే కాలువ మీది కాదు, ఇలాంటివి. పడమటి రాష్ట్రాల్లో చాలా కౌంటీలు దాన్ని తమకి తగ్గట్టు మార్చుకుని పంచాయి. ఐడహో అయితే 1981లోనే చట్టం చేసింది: చుట్టూ ఇళ్లు వచ్చినంత మాత్రాన అప్పటికే నడుస్తున్న వ్యవసాయాన్ని ఇబ్బందికరమని కోర్టుకి లాగడానికి వీల్లేదని. ఇల్లు కొనేటప్పుడు మనలో ఎంతమంది ఇది చదువుతాం? స్కూలు రేటింగ్ చూస్తాం, వడ్డీ రేటు చూస్తాం.

స్కూళ్ల సంగతి ఇంకో చిక్కు. పిల్లలతో వచ్చింది మేం. గదులు చాలక ఆవరణలో పోర్టబుల్ గదులు పెట్టింది మా వల్ల. కొత్త స్కూలు కట్టాలంటే బాండు, అంటే ఇంటి పన్నుతో తీర్చే అప్పు, ఓటింగ్‌లో పాసవ్వాలి, ఐడహోలో దానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. పింఛను మీద బతికే పెద్దాయన తన ఇంటి పన్ను పెరగడానికి ఎందుకు ఓటేస్తాడు? మా పిల్లల కోసం ఆయన పన్ను కట్టాలని అడిగేటప్పుడు కనీసం ఆయన ట్రాక్టరు వెనక హారన్ కొట్టకుండా ఉండాలి.

ఇక మేక సంగతి. రెండేళ్ల కిందట మా అమ్మాయి ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బులో చేరతానంది. ఇక్కడి పల్లె పిల్లలు పశువుల్ని పెంచి, లెక్కలు రాసి, జూలై ఆఖర్లో కాల్డ్‌వెల్‌లో జరిగే కౌంటీ ఫెయిర్‌లో చూపించి, వేలంలో అమ్ముతారు. మా హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనల ప్రకారం కోడిని కూడా పెంచకూడదు. మేకని ఎక్కడ పెట్టాలి? ఉల్లి చేను రైతుని అడిగింది. ఆయన పాత కొట్టంలో ఒక మూల చూపించి, రోజూ రెండు పూటలా నువ్వే రావాలి అన్నాడు. ఏప్రిల్‌లో బోయర్ జాతి మేకపిల్లని తెచ్చాం.

ఆ వేసవికే మా అమ్మ వచ్చింది. అంతకుముందు దాకా అమ్మమ్మకీ మనవరాలికీ వీడియో కాల్‌లో "తిన్నావా?" "తిన్నాను" దాటి మాట నడిచేది కాదు. మా అమ్మ తప్పు కాదు, పిల్ల తప్పూ కాదు, ఇద్దరికీ కలిపి మాట్లాడుకోవడానికి ఏ విషయమూ లేదు. వచ్చిన మర్నాడు పొద్దున్నే పిల్లతో కొట్టానికి వెళ్లి, మేక పళ్లు చూసి, గిట్టలు ఎత్తి చూసి, "గిట్టలు పెరిగాయి, ఎవరూ చెక్కట్లేదా?" అంది. జూన్‌లో ఒకరోజు తడి అల్ఫాల్ఫా మేత ఎక్కువ మేసి మేక పొట్ట ఉబ్బింది. పిల్ల ఏడుపు. మా అమ్మ ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనించి, రెండు వేళ్లతో తట్టి చూసి, "నెమరెయ్యట్లేదే. నూనె తీసుకురా" అంది. పిల్ల ఈలోగా క్లబ్బు లీడరుకి ఫోన్ చేసింది. ఆవిడా నూనే పట్టమంది, ముందరి కాళ్లు ఎత్తున ఉండేలా నిలబెట్టి నడిపించమంది. మా అమ్మ అప్పటికే దాన్ని గట్టు మీదకి ఎక్కించి నిలబెట్టింది. గంటన్నరకి తేన్పు వచ్చాక పిల్ల అమ్మమ్మ మెడ పట్టుకుని వదల్లేదు. పలుపు, దాణా, డొక్క, నెమరు: ఆరేళ్లు తెలుగు బడికి వెళ్లినా రాని మాటలు ఆ మూడు నెలల్లో దాని నోట్లో నలిగాయి.

వేలం ముందు మా స్నేహితులు కొందరు అన్నారు, "ప్రాణంగా పెంచి కోతకి పంపడం పిల్ల మనసుకి మంచిదేనా?" అని. మా వారు కూడా తటపటాయించారు. మా అమ్మ ఒక్కటే మాట: "మనింట్లో మాంసం తింటారా తినరా? తినేటప్పుడు అదెక్కణ్ణుంచి వచ్చిందో పిల్లకి తెలియాలి." వేలంలో ఒక ఎరువుల దుకాణం ఆయన కొన్నాడు. పిల్ల రెండు రోజులు సరిగ్గా తినలేదు. మూడో రోజు ఆయనకి తన చేత్తో కృతజ్ఞతల ఉత్తరం రాసింది, అది ఇక్కడి పద్ధతి. తర్వాత ఏడాది మళ్లీ మేకని తెచ్చుకుంది. నేను ఆపలేదు. ఫ్రీమాంట్‌లో ఉండి ఉంటే నా కూతురు మా అమ్మని ఈ విధంగా తెలుసుకునేది కాదు. మా అమ్మ బతుకు తనకి అందింది ఈ రైతుల కొట్టంలోనే. ఆ కొట్టాలు ఇళ్ల స్థలాలవుతుంటే నాకు బాధ కలగడానికి అందుకే రెండు కారణాలు.

ఇందులో మనకి కొత్తేం లేదు. 2015లో అమరావతి కోసం 29 ఊళ్ల నుంచి ముప్ఫై వేల ఎకరాలకి పైగా పొలం తీసుకున్నప్పుడు మా బంధువులు కొందరు సంతోషంగా ఇచ్చారు, కొందరు ఏడుస్తూ ఇచ్చారు. ఒకే ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. పొలం అమ్మే రైతుని తప్పు పట్టే హక్కు ఆ పొలంలో కట్టిన ఇంట్లో ఉంటున్నవాళ్లకి ఉండదు.

ఈ మాట ఇప్పుడు మా అమ్మాయికి చెప్పాల్సి వచ్చింది. గత నెల ఉల్లి చేను గట్టున తెల్ల బోర్డు పాతారు: నలభై ఎకరాలు ఇళ్లకి మార్చే దరఖాస్తు మీద కౌంటీ విచారణ అని. మా అమ్మాయి బోర్డు చదివి నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి "ఎందుకు అమ్ముతున్నారు?" అని అడిగేసింది. మోకాళ్లు పనిచెయ్యట్లేదనీ, కొడుకు స్పోకేన్‌లో ఉద్యోగం వదిలి రాడనీ, ఇప్పుడొస్తున్న ధర మళ్లీ రాదనీ ఆయన దాచకుండా చెప్పాడు. రెండు రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. నేనేమీ సర్దిచెప్పలేదు. మూడో రోజు మామూలుగానే మేకకి నీళ్లు పెట్టడానికి వెళ్లింది.

విచారణలో ఎవరైనా మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. తనూ మాట్లాడతానంది. మొదట "పొలం అమ్మనివ్వద్దు" అని రాసుకుంది, తర్వాత కొట్టేసింది. ఇప్పుడు రాసుకున్నది వేరు: దిగువ ఉన్న చేలకి నీళ్లు ఆగకుండా కాలువ గట్టు వెంట డిచ్ రైడర్ నడిచే దారి వదలాలి, కొత్తగా వచ్చే పిల్లల కోసం కాలువకి కంచె కట్టాలి, కొత్త హెచ్‌ఓఏ నిబంధనల్లో ఫోర్-హెచ్ పిల్లలు పశువుల్ని ఉంచుకోవడానికి ఒక ఉమ్మడి కొట్టం పెట్టాలి. మూడోది ఒప్పుకుంటారని నాకు పెద్ద నమ్మకం లేదు. కొట్టానికి ఎంత స్థలం కావాలో లెక్క ఆ రైతే వేసిచ్చాడు. మా అమ్మ నిన్న ఫోన్లో విని, గాలి ఆడేలా దక్షిణం వైపు తెరిచి ఉంచమని చెప్పమంది.