జ్వరం తగ్గింది, ఆయాసం తగ్గలేదు

2021 మే. నాన్నకు కోవిడ్ వచ్చి పదహారు రోజులైంది, జ్వరం పోయింది, అన్నం తింటున్నారు, గండం గడిచిందనుకున్నాం. ఆ రోజు పొద్దున బాత్రూమ్ నుంచి నాలుగడుగులు వేసి తలుపు పట్టుకుని నిలబడిపోయారు. మాట రావడం లేదు. ఆక్సీమీటర్ పెడితే ఆక్సిజన్ 86 శాతమే. ముందురోజు రాత్రి ఎడమ పిక్క లాగుతోందంటే నేనే కొబ్బరినూనె రాసి రుద్దాను, అది వాచి ఉందని గమనించనే లేదు, ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

సీటీ స్కాన్‌లో రెండు ఊపిరితిత్తుల్లోనూ రక్తపు గడ్డలు. ఆ వైరస్ రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది, రక్తం తొందరగా గడ్డకడుతుంది, పైగా రోజుల తరబడి మంచం మీదే ఉంటే కాళ్లలో రక్తం సరిగా కదలదు. అక్కడ కట్టిన గడ్డ ఊడితే గుండె మీదుగా వెళ్లి ఊపిరితిత్తిలో రక్తం వెళ్లే దారి మూసేస్తుంది. కోవిడ్‌లో ఊపిరితిత్తుల చిన్న నాళాల్లోనే కట్టేవి కూడా ఉంటాయి. ఈ ముప్పు ఆరు నెలల దాకా ఉండొచ్చని 2022లో వచ్చిన స్వీడన్ అధ్యయనం చెప్పింది.

ముందు రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ ఇంజెక్షన్లు, తర్వాత రక్తం పలచబడే మాత్రలు. వాటివల్ల చిగుళ్లలో రక్తం వస్తోందేమోనని అమ్మ రోజూ టార్చ్ వేసి చూసేది.

వైరల్ జ్వరం తగ్గాక ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు వచ్చినా, ఒక కాలు మాత్రమే వాచినా నీరసంలే అని ఆగకండి. పిక్క రుద్దకండి. ఊపిరి అందకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి.